వంగని నడుము

మూడు దీపాలు పచ్చగ వెలగాలె.
రెండే వెలిగినయి.
ముందరి చక్రం దిగిందో, కడుపులనే ఇరుక్కుందో
కెప్టెన్‌కే తెల్వదు.

ఫోన్ల నాలుగే మాటలు చెప్పిండు:
ఏమైంది, ఏం చేస్తం, ఎంతసేపు, ఇంకేమన్న.
నాలుగూ తిరిగి అప్పజెప్పిన
బడిల ఎక్కాలు అప్పజెప్పినట్టు.
ఇరవై ఆరు నిమిషాలు.

పరద ఈ పక్క ఒక్కసారి ఊపిరి గుంజుకొని
ఆ పక్కకు నవ్వుతోని పోయిన.
నవ్వు మా యూనిఫాంల భాగమే,
దాన్ని కూడ ఇస్త్రీ చేసుకొనే వస్తం.

కిటికీ కింద చీకటి. చీకట్ల ఒక దీపాల తీగె,
సాగర్ రోడ్డు కావొచ్చు.
ఆ చుక్కల గుంపు మాల్,
ఇంక జర కిందికి దేవరకొండ గుట్ట ఉండాలె.
నూనె తగ్గేదాక మా నేల మీదనే చుట్లు తిరుగుతున్నం.
మా తండా మీదికెల్లి మూడుసార్లు పోయినమేమో.
అమ్మ కుడితి కలుపుతుంటది,
పైన చప్పుడైతే తల ఎత్తదు,
దినాం వినేదే.

కండ్లద్దాలు, జడ క్లిప్పులు, జేబుల పెన్నులు తీయమని
ఇంగ్లిషుల చెప్పిన, హిందీల చెప్పిన.
మూడోసారి తెలుగుల, విప్పండి అనాల్సిన నోరు
చెప్పులు ఇడ్వుండ్రి అనేసింది.
ఎవరూ నవ్వలే. చప్పున ఇడిసిన్రు.

ఏడో వరుసాయనకు పైనున్న బ్యాగు కావాల్నట,
రిజిస్ట్రేషన్ కాయితాలున్నయట.
భూమి కిందనే ఉంది సార్, యాడికీ పోదు అన్న.

పద్నాలుగో వరుస.
"నా నడుము వంగదు బిడ్డా" అన్నడు బుచ్చిరాములు,
తప్పు చేసినోని లెక్క.

ఎక్కేటప్పుడే చూసిన.
పక్కకు చూడాల్నంటె మెడ కాదు, మనిషే తిరుగుతడు.
నీళ్లిస్తె సీసా పట్టుకొని
"ఇవి ఏ ఊరియి?" అనడిగిండు.
పక్క సీటు పిల్లగాడు కిసుక్కుమన్నడు. నేను నవ్వలే.
మర్రిగూడనా అన్న.
"ఆ పక్కనే" అన్నడు.
విశాఖల డాక్టర్ల సభ. టికెట్ వాళ్లే పంపిన్రు.
వేదిక మీద నిలవెట్టి
ఆయన ఎముకలు తెర మీద చూపిచ్చిన్రట.
"సప్పట్లు కొట్టిన్రు బిడ్డా, ఎందుకో."

వంగలేనోళ్లకు వేరే లెక్క ఉంది,
మా పుస్తకంల ఒక్క పేరా.
ట్రైనింగుల నేనొక్కదాన్నే అడిగిన,
సార్, వంగరానోళ్లుంటె?
సారు కడుపుతోని ఉన్నోళ్లు అనుకున్నడు.
నాకు మా తాత యాదికొచ్చిండు,
మంచం మీద కూసోలేక గోడకు ఆనుకొని
నిలవడే బువ్వ తిన్నడు చివరి రెండేండ్లు.

వీపు సీటుకు అదిమిన. బెల్టు బిగిచ్చిన.
మెడ సందుల దిండు కుక్కిన.
పిల్లగా, నీ పేరేంది?
"సుహాస్. వీడియో తీస్తున్నక్కా."
సుహాస్, ఆగినంక ముందు నువ్వు కాదు, ఈయన.
చంక కింద పట్టాలె. చెయ్యి గుంజకు,
విరుగుతది.
ఫోను జేబుల పెట్టిండు.

మా సీటు వెనక్కి తిరిగుంటది,
పోయేది కనపడదు, మనుషులే కనపడతరు.
నూట అరవై తలలు వంగినయి
వడగండ్లకు పండుకున్న వరి లెక్క.
నడుమ ఒక్క తల నిటారుగ.
కండ్లు తెరుచుకొని నన్నే చూస్తున్నడు.
వంగుండ్రి, వంగే ఉండుండ్రి అని
గొంతు పోయేటట్టు ఒర్లుతున్న,
ఆ ఒక్క తలను తప్పిచ్చి.

చక్రం ఎప్పుడో దిగి ఉందట.
దీపమే చెడిపోయిందట.
ఆగంగనే అందరు చప్పట్లు.
బుచ్చిరాములు నా దిక్కు చూసి కనుబొమ్మలు ఎగరేసిండు,
ఎందుకో అన్నట్టు.

రాత్రి రెండింటికి రిపోర్టు రాసిన.
పద్నాలుగు సి, వంగలేదు, వేరే పద్ధతి పాటించిన.
కారణం అని ఒక గడి ఉంది, ఇరుకుగ.
నీళ్లు, అని రాసిన.

పొద్దుగాల మేనేజరు ఫోన్ చేసిండు:
విమానంల నీళ్లు ఎక్కడ లీకయినయి?